కిటికీలు పెట్టిన బూట్లు

పోయిన వారం తిరుపతిలో బూట్లు కొనుక్కోవడానికి వెళ్ళాను. రోజూ నడవమని డాక్టరు చెప్పాడు. కొట్లో అమ్మాయికి నా మనవరాలి వయసుంటుంది. "దేనికి మేడం? రోడ్డు మీద నడకకా, జిమ్ముకా, కొండ దారికా?" అని అడిగింది. ఒక్కో పనికి ఒక్కో రకమట. ఒక జత తొడిగి, నా బొటనవేలి ముందు తన వేలితో నొక్కి చూసి, "ఇప్పుడు సరిపోయినాది గానీ, సాయంత్రం వచ్చి ఇంకోసారి ఏసుకోని సూడండి మేడం. పొద్దునకీ సాయంత్రానికీ పాదం పెరుగుతాది" అంది. నాకు నవ్వొచ్చింది. ఎందుకు నవ్వానో ఆ పిల్లకు చెప్పలేదు. చెప్పాలంటే అక్క గురించి చెప్పాలి. అక్క పోయి ఏడాది కావస్తోంది. కొట్లో నిలబడి చెప్పగలిగేంత తేలిక కాలేదు ఇంకా.

డెబ్బయ్యో దశకం చివరి మాట. అక్క డిగ్రీ ఆఖరు సంవత్సరం చదువుతోంది. ఎనిమిది వందల మీటర్లు పరుగెత్తేది. చిత్తూరులో జరిగే జిల్లా పోటీలో మొదట వచ్చిన ఒక్క అమ్మాయినే రాష్ట్ర పోటీలకు హైదరాబాదు పంపేవాళ్ళు. కిందటేడు అక్క రెండో స్థానంలో వచ్చింది. వట్టి కాళ్ళతో పరుగెత్తుతుంటే చివరి మలుపులో మడమకు గులకరాయి దిగింది. అక్కడి మైదానం మొరం నేల. కాలేజీ అయిపోతే మళ్ళీ అవకాశం లేదు కాబట్టి, ఈసారి బూట్లు లేకుండా దిగనని పట్టుబట్టింది.

బూట్లంటే మా ఇంట్లో చిన్న సంగతి కాదు. నాయనది కొండ మీద ఆఫీసులో ఉద్యోగం, అవ్వది మడి. తోలు వస్తువు గుమ్మం దాటకూడదు. అక్క తన సీనియరు దగ్గర అడిగి తెచ్చుకున్న, అడుగున మేకులుండే పరుగు బూట్లు తోలువి కావడంతో, పాత పేపరు చుట్టుకుని ప్రహరీ గోడ మీదే కాపురమున్నాయి. నాయన కొబ్బరి ఈనెతో అక్క పాదం కొలిచి, ఆ ఈనెను జేబులో పెట్టుకుని మద్రాసు వెళ్ళి, దళసరి రబ్బరు అడుగున్న జత ఒకటి తెచ్చాడు. మూడో జత మా ఊరి కొట్లో కొన్న తెల్ల కాన్వాసువి. అడుగు పల్చన, పట్టు బిగువు.

మూడింటినీ అక్క పరీక్షించిన పద్ధతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఉత్సాహం పొంగుకొస్తుంది. ముందు పాదాలు తడిపి గచ్చు మీద నిలబడి, ముద్రలో ఎక్కడ బరువు పడుతోందో చూసుకునేది. తర్వాత నన్ను వెంటేసుకుని తెల్లవారకముందే బయలుదేరేది. స్వర్ణముఖి ఏటి ఇసుకలో ఒక జత, తారు రోడ్డు మీద ఒక జత, కాలేజీ మైదానంలో మూడూ. "కండ్లు మూసుకోని సప్పుడు ఇను మే. ఏది తక్కువ సప్పుడు చేస్తే అది మంచిది" అనేది. నేను కళ్ళు మూసుకుని నిలబడేదాన్ని. మద్రాసు జత దబ్‌దబ్‌మని రోకటిపోటులా వినిపించేది. ఇసుకలో మాత్రం అదే హాయి అంది అక్క. మేకుల జత గట్టి నేల మీద కరకరలాడింది. "మేకులు నేలలో దిగల్యా. నేనే మేకుల మీద నిలబడినట్టుండాది" అని విప్పేసింది. తెల్ల కాన్వాసు జత వచ్చిందీ పోయిందీ నాకు తెలియలేదు. కళ్ళు తెరిచేసరికి అక్క మైదానం అవతల చేతులెత్తి గెంతుతోంది. "ఇదే! కాలికి తోలు మాదిరి పట్టుకోనుండాది!" అని కేక. అవ్వ వినే దూరంలో లేదు కాబట్టి ఆ పోలిక చెల్లింది.

అంతా బాగానే ఉంది. కాకపోతే అవ్వ ఒక మొక్కు మొక్కింది. అక్క కొండ మెట్లన్నింటికీ, మెట్టు మెట్టుకీ పసుపూ కుంకుమా పెట్టి ఎక్కాలి. మొక్కంటే గెలిచాక తీర్చేది గదా అని నాయన అన్నాడు. "గెలిచినంక అందురూ చేస్తారప్పా. ముందే చేసి పెడితే ఆ సామికే మొగమాటంగా ఉంటాది" అంది అవ్వ. అలా పోటీకి ముందురోజు, ఎండలో, చెప్పుల్లేకుండా, వంగుతూ లేస్తూ అక్క కొండెక్కింది. గిన్నె పట్టుకుని నేను వెనకే.

మర్నాడు వేకువనే చిత్తూరు బస్సు. అక్క తెల్ల బూట్లలో కాలు పెడితే వేళ్ళ దగ్గరే ఆగిపోయింది. పాదాలు రెండూ పూరీల్లా పొంగి ఉన్నాయి. నాయన పౌడరు తెచ్చాడు, అమ్మ కొబ్బరి నూనె తెచ్చింది. లాభం లేదు. అక్క ఏడవలేదు. బూటు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. అది ఏడవడం కంటే ఘోరంగా ఉంది.

అవ్వ వంటింట్లోంచి కత్తిపీట తెచ్చి ముంగిట్లో వేసి కూర్చుంది. "ఇట్టియ్యి" అని బూటు లాక్కుంది.

"అత్తా! అది కూరగాయల పీట!" అంది అమ్మ, గుండెల మీద చెయ్యి వేసుకుని.

"కాలు పట్టకపోతే కాలు కోస్తామా, బూటు కోస్తాం గానీ" అంటూ అవ్వ, వంకాయ తొడిమ తీసినంత తేలిగ్గా రెండు బూట్ల ముందు భాగం కోసేసింది. అక్క తొడుక్కుంది. వేళ్ళు బయటికొచ్చాయి. లేచి ముంగిట్లో ఒక చుట్టు పరుగెత్తింది. నేను అలవాటుగా కళ్ళు మూసుకున్నాను. చప్పుడు లేదు.

చిత్తూరు మైదానంలో ఒకమ్మాయి పకపకా నవ్వింది. "ఏం పాపా, బూట్లకి కిటికీలు పెట్టించినావా?"

"ఎనక నుంచి సూసేవాళ్ళకి కనపడవులే" అంది అక్క, పిక్కలు రుద్దుకుంటూ.

మొదటి చుట్టులో అక్క ఐదో మనిషి. ముందురోజు మెట్లు తొడల్లో ఇంకా ఉన్నాయి మరి. రెండో చుట్టులో ఒక్కొక్కరినీ దాటుతుంటే నేను మైదానం చుట్టూ కట్టిన తాడు పక్కనే, గొంతు పోయేలా అరుస్తూ పరుగెత్తాను. కిందటేడు వెనకబడ్డ మలుపు దగ్గర ఆ నవ్వినమ్మాయి ఒక్కతే ముందుంది. అక్క బయటి వైపు నుంచి వెళ్ళింది. కోసిన బూట్లలోంచి ఎర్రమట్టి ఎగురుతోంది. రిబ్బను అక్క ఛాతీకే తగిలింది.

హైదరాబాదులో అక్క ఎక్కడో మధ్యలో వచ్చింది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. అవ్వ ఆ కత్తిపీటను మళ్ళీ వంటింట్లోకి రానివ్వలేదు. దొడ్లో గోడకు ఆనించి ఉంచింది. వచ్చినవాళ్ళు అడిగితే, "అది బూట్ల పీట" అని గర్వంగా చెప్పేది.

మొన్న సాయంత్రం మళ్ళీ కొట్టుకు వెళ్ళి, కొంచెం వదులుగా ఉన్న జత తీసుకున్నాను. ఇంటికొచ్చి పాదాలు తడిపి నేల మీద నిలబడ్డాను. అక్క నాకంటే రెండేళ్ళు పెద్దది. వచ్చే ఏడు ఆమె ఆగిపోయిన వయసుకు చేరుకుంటాను, ఆ పైన బతికితే దాటిపోతాను. పరుగెత్తి ఎన్నడూ ఆమెను దాటలేకపోయినదాన్ని, ఇప్పుడు ఊరికే రోజులు గడుపుతూ దాటబోతున్నాను.