పెద్దమ్మ షెడ్డు గొళ్లెం

లేదు, ఆపలేదు. పెద్దమ్మ పోయిన రోజు కూడా పట్టుపురుగులకు ఆకు వేశాం. తప్పని ఎవరైనా అంటే అననివ్వండి.

పోయిన వారం తెల్లారి మల్బరీ తోటలో ఆకు కోసి, గంప నింపి, గట్టు మీద కూర్చుంది. మళ్లీ లేవలేదు. మా అమ్మకు అక్క ఆమె. పిల్లలు లేరు, పెదనాన్న ఎప్పుడో పోయాడు. మదనపల్లెలో నేను ఐదో తరగతితో బడి మానేస్తే, ఒక్క మాట అనకుండా తన ఊరికి పిలుచుకుపోయింది. పుంగనూరు నుంచి వెంకటగిరికోట పోయే దారిలో ఉంటుంది ఆ ఊరు. నలుగురిలో నాకు మాట పెగలదు. నా వాటా కూడా పెద్దమ్మే మాట్లాడేది. ఇప్పుడు ఆమె లేదు కాబట్టి రాస్తున్నాను.

సిలోనులో ఇళ్లు తగలబెడితే పడవలెక్కి పారిపోయి వచ్చిన తమిళవాళ్లను, కొన్ని కుటుంబాలను, అప్పట్లో కుప్పంలో ఒక ఖాళీ గోడౌనులో ఉంచారు. వాళ్ల కోసం మా ఊళ్లోనూ పాతబట్టలు పోగు చేశారు. పెద్దమ్మ ఆ మూట విప్పి, చినిగిన చీరలన్నీ ఏరి, ఎవరివి వాళ్ల గడపలో పడేసి వచ్చింది.

"ఇవి మనం కట్టుకుందాం. వాళ్లకు పోయింది ఇల్లు, సిగ్గు కాదు" అంది.

పెళ్లిళ్లకు మాత్రమే కట్టే తన ఆకుపచ్చ చీర తీసి మూటలో పెట్టింది.

పట్టుగూళ్లు అమ్మడానికి కుప్పం పోయినప్పుడు ఆ మూట నేనే మోశాను. తిరుగు బస్సులో ఆకుపచ్చ చీర కట్టుకున్న మనిషి మా పక్కనే కూర్చుని ఉంది, ఒళ్లో చంటిబిడ్డతో. పని ఇస్తాను, గది ఇస్తాను అని అక్కడి అధికారిని ఒప్పించి పెద్దమ్మే తీసుకొచ్చింది. ఆమె మొగుడు ఏమయ్యాడో ఆమెకే తెలియదు. పెద్దమ్మ అడగలేదు, నన్నూ అడగనివ్వలేదు. బస్సు దిగే ముందు నాతో మాత్రం, అక్కా అని పిలువు అంది. ఊళ్లోవాళ్లు మాత్రం సిలోనామె అన్నారు. నేను అక్కా అన్నాను. అక్క తమిళంలో పెద్దమ్మను పెరియమ్మా అనేది. రెండూ ఒకటే మాట.

మా వైపు పురుగుల షెడ్డులోకి బయటివాళ్లను రానివ్వరు. దిష్టి అంటారు, రోగం అంటారు. ఇరుగుపొరుగు కూడా ఒకరి షెడ్డు ఒకరు తొక్కరు. పెద్దమ్మ అక్కను వచ్చిన వారమే లోపలికి తీసుకుపోయింది. షెడ్డు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవాలి. మాకు తుడుచుకోవడానికి గుడ్డ ఇచ్చి, తను మాత్రం కొంగుకే తుడుచుకునేది.

ఆ పంటకే రోగం తగిలింది. పురుగులు తట్టల్లో పసుపుగా ఉబ్బి చచ్చాయి. పెద్దమ్మ మరిది, ఊళ్లో పెద్దమనిషి, నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. షెడ్డు తొక్కిన సిలోనామెను కుప్పంలో దింపేసి రమ్మన్నాడు. షెడ్డు వెనక గదిలో అక్క అప్పటికే మూట కట్టుకుంటోంది.

పెద్దమ్మ చచ్చిన పురుగుల గంప తెచ్చి వాళ్ల ముందు పెట్టింది.

"పోయినేడు నీ షెడ్డులోనూ ఇట్లే సచ్చినాయి గదప్పా. అప్పుడు నీ ఇంటికి ఏ సిలోనామె వచ్చింది?"

"అది వేరే, వదినా."

"యాల వేరే? నా షెడ్డు గొళ్లెం నేను ఏస్తా, నేను తీస్తా. జరుగు, సున్నం కొట్టుకోవాల."

ముగ్గురం కలిసి షెడ్డంతా సున్నం కొట్టాం. తరువాతి పంటకు మొదటి ఆకు అక్క చేతే వేయించింది, దారిన పోయేవాళ్లకు కనిపించేలా తలుపు బార్లా తెరిచి. ఆ పంట గొప్పగా ఏమీ రాలేదు, తినడానికి సరిపోయింది. పెద్దమ్మ మాత్రం బంగారం పండినట్టే వీధిలో నడిచింది.

ఆమె పోయిన రోజు పురుగులు నాలుగో జ్వరం నుంచి, అంటే నాలుగోసారి పొర విడిచి, లేచి ఉన్నాయి. గూడు కట్టే ముందు ఆకలి అది, ఆకు తప్పితే పంట పోయినట్టే. చావు అంటు ఉన్నవాళ్లు షెడ్డులోకి పోకూడదు. ఇంట్లో అందరికీ అంటు ఉంది. పొరుగువాళ్లు తమ పురుగులకు భయపడి రారు. శ్మశానం నుంచి వచ్చాక మరిది అక్క వైపు తిరిగాడు.

"అమ్మా, నువ్వు బయటిదానివి గదా, నీకు అంటు లేదు. పోయి ఆకెయ్యి" అన్నాడు, ఎన్నడూ లేనంత మెత్తగా.

అక్క అప్పటికే మా ఆడవాళ్లతో పాటు తలకు పోసుకుని తడి చీరతో నిలబడి ఉంది.

"నాకూ అంటు ఉండాది. పోయింది మా పెరియమ్మ" అంది.

పొద్దున పెద్దమ్మ కోసిన ఆకు తడి గోనె కింద అట్లాగే ఉంది. అక్క ఆ గంప ఎత్తుకుంది.

"అంటుతోనే పోతాండా. ఆమె వీటిని పస్తు పెట్టదు" అని గొళ్లెం తీసింది.

నేనూ వెనకే పోయాను. పాడె మోసిన చేతులతోనే ఆకు పరిచాను. కాసేపటికి తట్టలన్నింటిలో వాన పడుతున్నట్టు చప్పుడు మొదలైంది. పురుగులు తినే చప్పుడు. వాకిట్లో వాళ్లకూ వినిపించే ఉంటుంది.

పురుగులు చావలేదు. ఇప్పుడు గూళ్లు కడుతున్నాయి. అయినా కర్మలు కాగానే అక్క గది ఖాళీ చేయాలట, బయటి మనిషికి ఇక్కడ ఏం పని అని మరిది అడుగుతున్నాడు. ఈసారి నేనే ఎదురుపడి, అక్క పోదు అన్నాను. నలుగురిలోనే అన్నాను.

ఈ పొద్దున చూశాను. మా ఊరికి ఒళ్లో వచ్చిన అక్క కూతురు షెడ్డు ముందు కాళ్లు కడుక్కుంది. గుడ్డ ఇస్తే తీసుకోలేదు. తడి చేతులు తన గౌనుకే తుడుచుకుని, పెద్దమ్మ లాగే, లోపలికి పోయింది. ఆ పిల్లను ఏ ఊరిదని చెప్పి పంపించమంటారు?