గుండీ జబ్బు మామయ్యకూ వచ్చింది

మా మామయ్యకు ఒకటే అలవాటు. లోకంలో ఎవరికి ఏ జబ్బు వచ్చినా, అది తనకు ముందే వచ్చి తగ్గిపోయిందంటాడు.

ఆయనది ఇంటింటికీ తిరిగి నీటి మీటర్లు చూసి అంకెలు రాసుకునే ఉద్యోగం. రోజుకు నలభై గడపలు తొక్కేవాడు, నలభై రోగాలు వినేవాడు. పక్షవాతమంటే, "నాకూ వచ్చింది, ఎడమవైపు." కామెర్లంటే, "నాకు రెండుసార్లు." ఓసారి మా పిన్ని తన కాన్పు ఎంత కష్టమైందో చెప్పుకుంటుంటే ఈయన నోరు తెరిచాడు. అత్తయ్య ఉరిమి చూసింది. "అంత కష్టమేం కాదులే," అని ఊరుకున్నాడు.

మా అక్కకు ఈ కోతలంటే ఒళ్లుమంట. ఆమెది కుట్టు దుకాణం. మాట తక్కువ, కత్తెర చప్పుడెక్కువ. ఆమెకున్న ఒకే ఒక్క తోడు గుండీ అనే తాబేలు. వచ్చిన రోజున కోటు గుండీ అంతే ఉండేదట. పదకొండేళ్లలో పళ్లెమంత అయింది. కత్తిరింపు బల్ల కింద గుడ్డముక్కల్లో పడుకుని, మిషను చప్పుడు ఆగితే చాలు, "ఏమైంది?" అన్నట్టు తల బయటపెట్టేది.

ఒకరోజు మిషను ఆగినా తల బయటికి రాలేదు. అప్పటికి నాలుగు రోజులుగా ఆకు ముట్టలేదు. అక్క వేలితో నొక్కితే డొప్ప లోపలికి పోయింది. నాకు ఫోన్ చేసింది. నేను వెళ్లేసరికి మీటరు చూడటానికొచ్చిన మామయ్య అక్కడే ఉన్నాడు.

"డొప్ప మెత్తబడిందా? కంగారుపడకు. నాకూ వచ్చింది."

"నీకు డొప్పెక్కడిది మామయ్యా?" అక్క పళ్లు కొరికింది.

"వీపమ్మా. దిండులా అయిపోయింది."

గుండీని బుట్టలో పెట్టుకుని ముగ్గురం బయల్దేరాం. పశువుల ఆసుపత్రి డాక్టరు బుట్టలోకి తొంగిచూసి వెనక్కి జరిగాడు. "ఆవును తెండి, చూస్తాను. దీనికి సూది ఎక్కడ వెయ్యాలో కూడా నాకు తెలియదు," అని ఉన్నమాట చెప్పేశాడు. కుక్కల ఆసుపత్రిలో గుమాస్తా అడ్డంగా తలూపాడు. "మేం బొచ్చున్నవాటినే చూస్తామండీ."

మామయ్య తన బట్టతల తడుముకున్నాడు. "ఈ లెక్కన నన్నూ చూడరన్నమాట."

నాకు నవ్వొచ్చింది. అక్కకు రాలేదు. బుట్టను గుండెకు హత్తుకుని రోడ్డు మీదికి నడిచింది.

మామయ్య తన మీటర్ల పుస్తకం తిరగేసి ఒకచోట వేలు పెట్టాడు. "ఒంటరి మనిషి, పదిమందికి సరిపడా నీళ్లు వాడుతుంది. పైపు కారుతోందేమోనని వెళ్లి చూశా. పెరటినిండా తొట్లు, తొట్లనిండా తాబేళ్లు! జంతుప్రదర్శనశాలలో డాక్టరుగా చేసి రిటైరైందట."

"పొద్దున్నే చెప్పొచ్చుగా!" అన్నాను.

"ఒకరింటి నీళ్ల సంగతి ఇంకొకరికి చెప్పకూడదమ్మా. డ్యూటీ."

ఆ పెద్దావిడ తలుపు తీసి, బుట్ట చూడగానే ఇంకేమీ అడగకుండా వంటింటి బల్ల మీద తువ్వాలు పరిచింది. డొప్ప నొక్కింది. దవడ తడిమింది.

"దీనికి ఎండ తగలదా?"

"బల్ల కింద చల్లగా ఉంటుందని..." అక్క గుండీ డొప్ప మీద చెయ్యి వేసింది. "నా వల్లేనా డాక్టరుగారూ?"

"తెలియక చేశావు. ఎండ లేక కాల్షియం ఒంటబట్టలేదు. మందిస్తాను, రోజూ ఎండలో ఉంచు. బతుకుతుందనే అనుకుంటున్నా, కానీ మాట ఇవ్వలేను."

అప్పుడు మా అక్క, మామయ్య మాట ఏనాడూ నమ్మని మా అక్క, ఆయన వైపు తిరిగింది.

"మామయ్యా, నీకు ఎన్నాళ్లకు తగ్గింది?"

మామయ్య తడుముకోలేదు. "మూడు నెలలు. మొదటి నెల నేనూ ఆశ వదులుకున్నా."

డాక్టరమ్మ ఆయన్ను ఎగాదిగా చూసింది. ఏదో అనబోయి, అక్క ముఖం చూసి మానుకుంది. "ఇంచుమించు అంతే పడుతుంది," అంది.

తిరిగొచ్చేటప్పుడు అక్కను ముందు నడవనిచ్చి, నేను మామయ్యను నిలదీశాను. "నిజం చెప్పు. నీకు అసలు ఏ జబ్బు వచ్చింది?"

"జలుబు కూడా రాలేదు," గొంతు తగ్గించాడు. "డాక్టర్లు జబ్బు సంగతి చెప్తారమ్మా. తగ్గినవాడొకడు ఎదురుగా నిలబడి కనిపించాలి కదా? అప్పటికప్పుడు వాణ్ణెక్కడినుంచి తేను?"

ఆ తర్వాత అక్క నిబ్బరంగా బట్టలు కుట్టుకుంది. మందు కలిపిన ఆకురసం చుక్కచుక్కగా గుండీ నోట్లో పోసింది. గడువు చెప్పినాయనకే నిద్ర కరువైంది. రోజూ వచ్చి, ఎండలో మెట్టు మీదున్న గుండీ పక్కన కూర్చుని, ఓ ఆకు పట్టుకుని బతిమాలేవాడు. అది మొహం తిప్పుకునేది.

మూడో నెల ఇంకో వారంలో అయిపోతుందనగా, గుండీ మెడ చాచి ఆకు అందుకుంది. ఆకుతో పాటు ఆయన వేలూ అందుకుంది.

ఆయన పెట్టిన కేకకు అక్క మిషను వదిలేసి పరుగెత్తుకొచ్చింది. మామయ్య వేలు పైకెత్తి, కళ్లనిండా నీళ్లతో నవ్వుతున్నాడు.

"ఎంత గట్టిగా కొరికిందో చూడవే! ఎంత గట్టిగా కొరికిందో!"

అక్క కొత్త గుడ్డ చించి ఆయన వేలికి కట్టు కట్టింది. ఆయన ఒంటి మీద పడ్డ మొట్టమొదటి కట్టు అదే. వారం రోజులు నలభై గడపల్లోనూ దాన్ని చూపించుకు తిరిగాడు.