అక్కను పిలిచిన గొంతు

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. నమ్మకపోవడం ఒక సంగతి, మంట ఇంకో సంగతి. ఒకప్పుడు నన్నే దయ్యం పట్టినవాడన్నారు కనుక ఈ మంట.

అప్పుడు నాకు పాతికేళ్లు కూడా నిండలేదు. సికింద్రాబాద్‌లో కూరగాయల మార్కెట్టులో వేలం వేసేవాణ్ణి. ఒకసారి రోజుల తరబడి నిద్రపోకుండా, ఎవరి సరుకో చూడకుండా, కనపడిన బుట్టకల్లా ధర పలికాను. ఆ తర్వాత నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకున్నాను. గాలి సోకిందన్నారు ఇంట్లోవాళ్లు. ఒక భూతవైద్యుడి ముందు కూర్చోబెట్టి వేపమండలతో కొట్టించారు. ‘ఎవడివిరా నువ్వు?’ అని వాడు అడిగితే నా పేరు చెప్పాను. దయ్యం అబద్ధమాడుతోందని ఇంకా కొట్టాడు.

అక్కడినుంచి నన్ను లేపి తీసుకొచ్చింది మా అక్క సత్తెమ్మ. “నా తమ్మునికి దయ్యం లేదు, రోగముంది. నీకైతే సిగ్గు సుత లేదు” అని వాడి ముఖం మీదే అని, నన్ను పిచ్చాసుపత్రికి తీసుకెళ్లింది. ఆ రోజుల్లో ఆ గేటు దాటడమంటే ఇంటి పరువు రోడ్డున పెట్టడమే. ఆమె పెట్టింది.

జబ్బు పేరు బైపోలార్ అని చాలా ఏళ్లకు తెలిసింది. నేను బడిలో చదివింది తక్కువ. లైబ్రరీలో నిఘంటువు పక్కన పెట్టుకుని ఆ జబ్బు గురించి నాకు నేనే చదువుకున్నాను. కాబట్టి నేను రాసేదాన్ని చదువురాని ముసలివాడి భ్రమ అని తోసేయకండి. భ్రమ అంటే ఏమిటో మీలో చాలామంది కంటే నాకు ఎక్కువ తెలుసు.

మాత్రలు పనిచేస్తాయి. అది ముందే చెప్పాలి, నా మాట పట్టుకుని ఎవరూ మానేయకూడదు. కానీ అవి పనిచేసే తీరు మాత్రం ఎవరూ చెప్పరు. నాలో ఆ పరుగు ఆగింది. దాంతోపాటు తక్కినవీ ఆగిపోయాయి. మామిడిపండు తింటే తీపి తెలుస్తుంది, సంబరం తెలియదు. మనవలు వచ్చి ఒళ్లో కూర్చుంటే బరువు తెలుస్తుంది, అంతే. కోపం ఒక్కటి మిగిలింది. అది కూడా తలలోనే తిరుగుతుంది, గుండెదాకా దిగదు. ఇది మందువల్లనా, జబ్బులోని దిగులువల్లనా అని అడిగితే ఏ డాక్టరూ గట్టిగా చెప్పలేదు. ‘స్టేబుల్‌గా ఉన్నారు’ అంటారు. బల్ల కూడా స్టేబుల్‌గానే ఉంటుంది.

పెళ్లి, పిల్లలు నా వల్ల కాలేదు. కాప్రాలో అక్క ఇంటి మేడమీద గదిలో ఉంటున్నాను. మనవలన్నది ఆమె కూతురు లక్ష్మి పిల్లల్నే. అక్క రోజూ మాత్రలు తానే చేతిలో పెట్టి, మింగేదాకా కదిలేది కాదు.

“ఏరా మొద్దూ, నేను సచ్చిననాడన్న ఏడుస్తవా?” అని అడిగింది ఒకసారి.

“చూద్దాం” అన్నాను.

“గిదేందిరా, దీనికి సుత బేరమేనా?” అని పడీ పడీ నవ్వింది.

నేను నవ్వలేదు. ఆ ప్రశ్న నాకు అప్పటికే ఉంది. నన్ను మనిషిగా నిలబెట్టిన మనిషి పోయిన రోజున కూడా నాకు కన్నీరు రాకపోతే, ఇంక నేను బతికున్నట్టు లెక్కేనా? వయసు మీదపడిన కొద్దీ నాకు మిగిలిన ఆలోచన అదొక్కటే.

కిందటేడు ఎండాకాలం అక్క పోయింది. పొద్దున టీ తాగుతూ పక్కకు ఒరిగింది.

నేను ఏడవలేదు. స్నానం చేయించారు, పసుపు రాశారు, ఆడవాళ్లు మీదపడి ఏడ్చారు. నేను గుమ్మం పక్కన నిలబడి చూశాను. లోపల వెతుక్కున్నాను కూడా. ఖాళీ గదిలో స్విచ్చు వేసి చూసినట్టు, వేస్తూనే ఉన్నాను. “రాయి లెక్క నిలబడ్డడు సూడు” అని వెనక ఎవరో ఆడమనిషి అన్నది. నిజమే కదా అనుకున్నాను.

అక్కకు కొడుకులు లేరు. తలకొరివి అల్లుడు మల్లేశ్ పెట్టాలని, దింపుడు కళ్లం దగ్గర పిలవడం మాత్రం తమ్ముడే చేయాలని పెద్దలు తేల్చారు. ఈ కాలం పిల్లలకు తెలియకపోవచ్చు. శ్మశానానికి వెళ్లే దారిలో పాడెను ఒకచోట దింపుతారు. దగ్గరి బంధువు చనిపోయినవాళ్ల చెవిలో మూడుసార్లు పిలుస్తాడు. ప్రాణం ఎక్కడన్నా ఇంకా ఉంటే పలుకుతుందేమోనని ఆశ. పలకదని అందరికీ తెలుసు. అయినా పిలుస్తారు.

వాహనం చెరువు దాటాక ఆగింది. పాడెను దింపి భుజాలకెత్తుకున్నారు. కొంతదూరం నడిచాక, వేపచెట్టు నీడలో కింద పెట్టబోతున్నారు. సరిగ్గా అప్పుడు నా నాలుక అంగిలికి అంటుకుపోయింది. నేను వాడే మందుకు దాహం ఎక్కువ. ఎండలో అయితే మాటే రాదు. రెండు గుక్కలు తాగి వద్దామని రోడ్డుపక్క పంక్చర్ దుకాణం వెనక్కి వెళ్లాను. అక్కడ నల్లా ఉంది. దుకాణంవాడు మగ్గు ఇచ్చాడు. స్టూలు మీద కూర్చుని తాగుతున్నాను.

అప్పుడు వినపడింది.

“సత్తక్కా!”

సత్తక్క అని ఆమెను పిలిచేది నేనొక్కణ్ణే. ఆ గొంతు కూడా నాదే. ఇప్పటి గొంతు కాదు. మాత్రలకు ముందు, మార్కెట్టు ఈ మూలనుంచి ఆ మూలకు వినపడిన గొంతు. రెండోసారి పిలిచింది. మూడోసారి పిలిచినప్పుడు చివర కిందికి దిగి విరిగిపోయింది. వేలంలో ‘మూడోసారి’ అని ధర ఖాయం చేసేటప్పుడు నేను గొంతు అలాగే దించేవాణ్ణి. ఆ తర్వాత వెక్కిళ్లు. మగవాడు సిగ్గు వదిలేసి ఏడ్చే ఏడుపు.

“ఎవలో మస్తు ఏడుస్తుండు తాతా. మీవోళ్లేనా?” అన్నాడు దుకాణంవాడు.

“అవును” అన్నాను.

నాకు భయం వేయలేదు. ఇది ధైర్యం అని రాయడం లేదు. రోమాలు నిక్కబొడవాలి, గుండె దడదడలాడాలి. ఏదీ జరగలేదు. మగ్గులో మిగిలిన నీళ్లు తాగి, మగ్గు కడిగి ఇచ్చి లేచాను. భయపడటానికి కూడా లోపల ఎవరో ఒకరు ఉండాలి కదా.

నేను వెళ్లేసరికి పాడె లేచింది. ఎవరూ ‘ఎక్కడికి పోయావు’ అని అడగలేదు. ఆడవాళ్లు అక్కడినుంచి వెనక్కి తిరిగారు. లక్ష్మి నావైపు చూసి చేతులు జోడించింది. ఎందుకో అర్థం కాలేదు.

సాయంత్రం ఇంట్లో మల్లేశ్ చెప్పాడు. “నిన్ను పట్టుకునుడు మాతోని కాలే మామా. అత్త మీద పడిపోయినవ్. నా తువ్వాలతోనే నీ మొఖం తుడిచిన.”

మార్కెట్టులో నాతో పనిచేసిన యాదగిరి అక్కడే ఉన్నాడు. “నీ పాత గొంతు మల్ల ఇంటననుకోలేదు భాయ్. మూడో పిలుపు గట్లనే దించినవ్” అన్నాడు. నేను అక్కడ లేనని చెప్పాను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దుఃఖంలో మతి తప్పిందనుకున్నారు. పిచ్చివాడి సాక్ష్యానికి ఈ దేశంలో విలువ ఎంతో నాకు తెలియనిది కాదు.

అందుకే కర్మకాండలు అయ్యాక ఆ పంక్చర్ దుకాణానికి వెళ్లాను. అతను గుర్తుపట్టాడు. “నువ్వు ఈడ్నే కూసున్నవ్ గద తాతా. ఆ ఏడ్చెటాయన ఆగినంక గద నువ్వు లేసింది” అన్నాడు. అతనికి నాతో చుట్టరికం లేదు, నా జబ్బు సంగతి తెలియదు.

డాక్టరమ్మకు చెప్పాను. ఆమె చిన్నది, కానీ గడియారం చూడకుండా విన్నది. తీవ్రమైన దుఃఖంలో మనిషి తాను చేసింది తానే మరిచిపోవచ్చునన్నది. సరే, నేను మరిచిపోయాను. నన్ను స్టూలు మీద చూసిన పంక్చర్ దుకాణంవాడు ఏం మరిచిపోయాడు? మందు కొద్దిగా తగ్గిస్తే ఆ ఏడ్చేవాడు నాలోకి వస్తాడా అని అడిగాను. నెమ్మదిగా తగ్గించి చూద్దాం, మీ అంతట మీరు ఏదీ మానకండి అన్నది. తగ్గించింది. నెలలు గడిచాయి. మామిడిపండ్ల కాలం వచ్చింది, పోయింది. తేడా లేదు.

మొన్న లక్ష్మి మేడమీదికి వచ్చింది. మాత్రలు ఇప్పుడు ఆమే ఇస్తోంది. ఇచ్చి వెళ్లకుండా మంచం అంచున కూర్చుని, నా చేతిమీద చేయి వేసింది.

“మామా, అమ్మ గురించి నీకేం అనిపియ్యదనుకునేదాన్ని. తప్పయింది. ఆనాడు నువ్వు పిలిచిన పిలుపు నా చెవులల్లనే ఉంది” అన్నది. “ఒక్కసారి మల్ల పిలువవా మామా? గట్లనే” అన్నది.

అది నేను కాదని చెప్పాలనుకున్నాను. ఆమె అప్పటికే కళ్లు మూసుకుంది.

పిలిచాను. “సత్తక్కా.”

బస్సులో కండక్టరు స్టేజీ పేరు చెప్పినట్టు వచ్చింది. ఆమె కళ్లు తెరవలేదు. ఇంకా ఎదురుచూస్తోంది. రెండోసారి పిలిచాను. మూడోసారికి ఆమె కళ్లు తెరిచి, నా ముఖం చూసి, నా చేతిమీదినుంచి తన చేయి మెల్లగా తీసుకుంది. “చాయ్ పెడ్త మామా” అని కిందికి వెళ్లింది.

ఆ రోజు మా అక్క కోసం ఏడ్చినవాడు ఎవడో నాకు తెలియదు. వాడు నేనే అయితే, ఆ వేపచెట్టు కిందనుంచి పాడెతోపాటు వెళ్లిపోయాడు. ఇక్కడికైతే రాలేదు.