అరుగు మీద చెప్పిన మార్కులు

మా ఊరి బళ్లో మార్కులు బళ్లో చెప్పేవారు కాదు. పరీక్షలయ్యాక మాస్టారు గుడ్డసంచీలో కార్డులు, ఇంకు రాసిన గుడ్డముక్క పెట్టుకుని ఇంటింటికీ వచ్చేవారు. అరుగు మీద కూర్చుని, ఫలానా పిల్ల చదువు ఇలా ఉందని పెద్దలకి చెప్పి, కార్డు మీద వేలిముద్ర వేయించుకుని, కార్డు మళ్లీ సంచీలో వేసుకునేవారు. సంతకం వచ్చినవాళ్లు మా వీధిలో ఎవరూ లేరు. ఆయన ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి కదులుతుంటే వెనక సగం వీధి కదిలేది. ఎవరింటి సంగతి వాళ్లది అనే మర్యాద మా వీధికి తెలియదు. పక్కింటి పిల్లాడికి లెక్కల్లో ఎన్నొచ్చాయో వినకపోతే మా ఆడవాళ్లకి ఆ పూట అన్నం సయించదు.

అరవైల చివరి రోజుల మాట ఇది. మా ఊరికి రాజాం దగ్గర. ఊళ్లో ఐదో తరగతి దాకానే బడి, అన్ని తరగతులకీ ఒక్కరే మాస్టారు. విజయనగరం వైపు మనిషి. వచ్చిన కొత్తలో పాపం ఆయన ఉన్నది ఉన్నట్టే చెప్పారట. ఒకింటి అరుగు మీద, నలుగురూ వింటుండగా, "ఈ పిల్లాడిది మంచి బుర్రమ్మా, వీడిలాంటివాణ్ణి నేను చూడలేదు" అన్నారట. ఆ వారంలోనే వాడికి జ్వరం తగిలి మంచం పట్టాడు. వాడి నాయనమ్మ బడి గుమ్మంలోకి వచ్చి, "ఊరందరి కళ్లూ మా గుంటడి మీద పడీసినట్టు సేసేరు కదా మేస్టారూ" అని ఏడ్చిందట. వాడు లేచి తిరిగే దాకా ఆయనకి ఆ ఇంట్లో మంచినీళ్లు పుట్టలేదు.

దాంతో ఆయనకి జ్ఞానోదయమైంది. ఆ తర్వాత బాగా చదివే పిల్లల గురించి అరుగు మీద పెదవి విరిచేవారు. "ఏదో, అత్తెసరు. బండి లాగిస్తోంది" అనేవారు. చదువు రానివాళ్ల ఇంటి దగ్గర మాత్రం, "బుర్ర ఉందమ్మా, కుదురే లేదు. కూర్చుంటే కలెక్టరే" అనేవారు. ఆ లెక్కన మా వీధిలో మొద్దులందరూ కలెక్టర్లు కావాలి, తెలివైనవాళ్లు ఆవుల్ని కాచుకోవాలి. అసలు సంగతి చెప్పే చోటు వేరే ఉండేది. అరుగు మీద పని అయ్యాక ఆయన దాహమనేవారు. ఇంటామె మజ్జిగ కలిపి సందు గుమ్మం దగ్గరకి తెచ్చేది. అక్కడ గ్లాసు అందుకుంటూ, గొంతు తగ్గించి, ఉన్నమాట చెప్పేవారు. ఇది ఆయనకీ మా వీధి ఆడవాళ్లకీ మధ్య ఏర్పాటు. మగవాళ్లు పొలాల్లోనో సంతలోనో ఉండేవారు, ఒకవేళ ఇంట్లో ఉన్నా పిల్లల చదువు ఆడవాళ్ల వ్యవహారమని పట్టించుకునేవారు కాదు. వాళ్లకి ఈ సందు గుమ్మం సంగతి తెలియదు.

మా అక్క నా కంటే రెండేళ్లు పెద్ద. శెట్టిగారి కొట్టులో బెల్లం పొట్లం కట్టి ఇచ్చిన కాగితం ఇంటికొస్తే, బెల్లం అమ్మ తీసుకునేది, కాగితం అక్క తీసుకునేది. చీమలు పట్టిన కాగితం దులుపుకుని మరీ చదివేది. పిడకలు కొడుతూ ఎక్కాలు అప్పజెప్పేది. నాకు తీసివేతలు ఎంతకీ బుర్రకెక్కకపోతే చింతపిక్కలు నేల మీద పోసి నేర్పింది కూడా అదే. ఇంతా చేసి తనకి చదువు అంతంతమాత్రమే అనుకునేది. అనుకోదా మరి? ఏటేటా మా అరుగు మీద అది విన్నది "అత్తెసరు" అన్న మాటే. అమ్మకి అసలు సంగతి తెలుసు కానీ పిల్లకి చెబితే గీర పుడుతుందని చెప్పేది కాదు. మాస్టారు బళ్లోనూ ఎవరినీ మెచ్చుకునేవారు కాదు. "నాకు అత్తెసరే కదే, ఇంకా సదవాల" అని మళ్లీ పుస్తకం తీసేది మా అక్క.

అక్క ఐదో తరగతికి వచ్చిన ఏడు ఇంట్లో పెద్ద మాటే నడిచింది. ఐదు దాటితే హైస్కూలుకి రాజాం వెళ్లాలి. అక్కడ మా మేనత్త ఉండేది. ఆవిడ మొగుడు రైసుమిల్లులో బస్తాలు తూచే పని. వాళ్లది ఒకే గది, వెనక ఒక తాటాకు వంటపాక. "ఒక్కలినయితే ఎలాగోలా అట్టిపెట్టుకుంటాను, ఇద్దర్ని నావల్ల కాదు" అని అత్త ముందే చెప్పింది. మా పెదనాన్న కొడుకు కూడా ఆ ఏడే ఐదు ముగించాడు. కానీ ముందు అడిగింది మా నాన్న. ఆయన్ని మేం అయ్యా అనే పిలిచేవాళ్లం. ఆడపిల్లని హైస్కూలుకి పంపిన ఇల్లు అప్పటికి మా వీధిలో లేదు. అయ్య పంపుతానన్నాడు, అది మామూలు సంగతి కాదు. ఒక్క మాట మాత్రం పెట్టాడు. "మేస్టారు బాగుందంటే పంపుతాను. నేదంటే అత్తకి ఊరికే బరువెందుకు?"

మార్కుల రోజు దగ్గరపడుతుండగా నౌపడ నుంచి కబురొచ్చింది, అమ్మమ్మకి ఒంట్లో బాగులేదని. అమ్మ చంటి తమ్ముణ్ణి చంకనేసుకుని బయల్దేరింది. పోతూ పోతూ మాస్టారు సంగతి అయ్యకి చెప్పాలని ఆవిడకి తోచలేదు. తల్లి మంచం మీద ఉంటే ఎవరికి తోస్తుంది?

మాస్టారు వచ్చే రోజు అయ్య పొలానికి వెళ్లలేదు. స్నానం చేసి, ఉతికిన కండువా వేసుకుని, అరుగు మీద చాప పరిచి తానే ఎదురు చూశాడు. ఒక పిల్ల చదువు కోసం మా అయ్య పని మానుకుని కూర్చోవడం అదే మొదలు. పక్కనే పెదనాన్న. వాళ్ల అరుగూ మా అరుగూ కలిసే ఉండేవి. అప్పటికే మాస్టారు వాళ్ల పిల్లాడి గురించి కుదురు, కలెక్టరు మాట చెప్పేసి వచ్చారు. రెండు అరుగుల మధ్య స్తంభానికి ఆనుకుని మా పెద్దమ్మ నిలబడి ఉంది.

"సెప్పండి మేస్టారూ, మా గుంట ఎలా సదివింది?" అన్నాడు అయ్య.

మాస్టారు కార్డు తీసి చూసి పెదవి విరిచారు. "ఏం చదువులే. అత్తెసరు. ఎలాగో గట్టెక్కింది" అన్నారు. ఆ రోజు జనం ఎక్కువున్నారు కాబట్టి మరి కాస్త గట్టిగానే విరిచారు. అక్క తలుపు చాటున ఉంది. నేను గడప మీద ఉన్నాను.

అయ్య బొటనవేలు ఇంకులో అద్ది కార్డు మీద నొక్కాడు.

తర్వాత మాస్టారు దాహమన్నారు. సందు గుమ్మంలోకి మజ్జిగ తెచ్చింది అక్క. ఆయన గ్లాసు అందుకుని అటూ ఇటూ చూశారు. "అమ్మ ఏదమ్మా?" అన్నారు. నౌపడ వెళ్లిందని చెప్పింది. "సరే, వచ్చాక చెబుతాను" అని తాగేసి గ్లాసిచ్చి వెళ్లిపోయారు. అయ్య పెట్టుకున్న షరతు ఆయనకి తెలియదు. ఆ సాయంత్రమే వేసవి సెలవులకి వాళ్ల ఊరు బస్సెక్కారు.

మాస్టారు వీధి మలుపు తిరగ్గానే పెదనాన్న గొంతు సవరించుకున్నాడు. "మరయితే ఏటంటావురా?"

"ఏటంటాను అన్నా. ఇన్నావు కదా."

"అయితే నా గుంటడ్ని పంపీనా? ఆడికి బుర్రుందన్నారు."

"పంపీ అన్నా" అన్నాడు అయ్య. అంతే, అయిపోయింది. ఊరంతా వింటుండగా అన్నగారికి మాట ఇచ్చేశాడు.

పెద్దమ్మ స్తంభం వదలలేదు. తన కొడుకు సంగతి ఆవిడ సందు గుమ్మంలో వినే వచ్చింది. మా అక్క సంగతి కూడా ఆవిడకి తెలియకుండా ఉండదు. ఒక్క మాట అంటే సరిపోయేది, అనలేదు. దాన్ని నేను తప్పు పట్టకూడదని ఇప్పుడు అంటాను. ఏ తల్లయినా అలాగే ఊరుకుంటుందేమో. కానీ చాలా ఏళ్లు తప్పు పట్టాను, ఆవిడ వండిన పులుసు కూడా నోట పెట్టలేదు.

అమ్మ తిరిగొచ్చేసరికి అత్తకి కబురు వెళ్లిపోయింది. అమ్మ ఎప్పుడూ గొంతెత్తని మనిషి, ఆ రోజు మేం ఇంట్లో లేని వేళ చూసి ఎత్తిందట. "మేస్టారు నాతోని ఎప్పుడూ బాగుందనే సెప్పేవోరు. వీధిలో మంచి సెప్పరు, దిష్టని." అయ్య నమ్మలేదు. "నా సెవులతో ఇన్నాను కదే" అన్నాడు. అడుగుదామంటే మాస్టారు ఊళ్లో లేరు, కార్డూ ఆయన సంచీలోనే పోయింది. వేసవంతా వాళ్లిద్దరూ సరిగ్గా మాట్లాడుకోలేదు. ఎందుకో మాకు తెలిసేది కాదు. ఇదంతా తర్వాత్తర్వాత అమ్మ నాకు చెప్పింది.

బడి తెరిచాక మాస్టారు వచ్చి, విని, నిలుచున్నపాటున మా పొలానికి వెళ్లారట. దమ్ము మళ్లలో మోకాటి దాకా దిగి ఉన్న అయ్యతో గట్టు మీంచే చెప్పారట. "మీ పిల్లే మొదటిదయ్యా. నేను దిష్టి తగలకూడదని అలా అన్నాను. మీరు దాన్నే పట్టుకుంటారని నాకేం తెలుసు?"

అయ్య నాగలి ఆపి గట్టు దగ్గరకి వచ్చాడట. "అన్నకి నోటితో సెప్పీసేను మేస్టారూ. నలుగుర్లో సెప్పేను. ఆడు బళ్లో సేరిపోనాడు కూడా. ఇప్పుడు ఏ మొకం పెట్టుకుని ఎనక్కి పిలవమంటారు?"

"పోనీ వచ్చే ఏడు?"

"సూద్దారి" అన్నాడట అయ్య.

వచ్చే ఏడు కూడా అత్త ఇంట్లో చోటు లేదు. ఆ పైయేడు పెదనాన్న కొడుకు చదవలేనని పారిపోయి ఇంటికొచ్చి నాగలి పట్టాడు. చోటు ఖాళీ అయ్యేసరికి మా అక్క పెద్దమనిషైంది. పెద్దమనిషైన పిల్లని పరాయి ఊరు పంపడమనే మాట మా ఇళ్లలో ఎవరి నోటా రాదు, అయ్య నోటా రాలేదు. ఈ రెండేళ్లలో దానికి అసలు సంగతి ఎవరూ చెప్పలేదు. చెబితే ఇంకా బాధపడుతుందని అమ్మ, చెప్పే మొహం లేక అయ్య, మాస్టారు. తనకి చదువు రాలేదు కాబట్టి మానిపించారని అక్క నమ్మింది. తమ్ముణ్ణి ఎత్తుకుని, గేదె పాలు పితికి, ఊడుపులకి వెళ్లి, దాని పని అది చేసుకుపోయింది. ఎవరి మీదా కోపం కూడా లేదు.

అప్పటికి నేను ఐదో తరగతి ముగించాను. మళ్లీ మార్కుల రోజు వచ్చింది. ఈసారి మాస్టారు నోరు విప్పకముందే అయ్య చెయ్యెత్తి ఆపాడు. "మేస్టారూ, సాటు మాటలొద్దు. ఉన్నది ఉన్నట్టు ఇక్కడే సెప్పండి. దిష్టి తగిల్తే తగల్నీండి."

మాస్టారు ఉన్నది ఉన్నట్టే చెప్పారు. తెలుగు పరవాలేదు, లెక్కలు బాగా లేవు, మొత్తం మీద మధ్యరకం అని. వీధంతా వింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

"అయితే అయింది. ఇది రాజాం ఎల్తాది" అన్నాడు అయ్య. ఎవరి వైపూ చూడలేదు.

అప్పుడు గుమ్మంలోంచి అక్క ముందుకి వచ్చింది, చంకలో తమ్ముడు. "మేస్టారూ, మరి నా అయిదో తరగతికి నాకెలాగొచ్చేయండి? నిజం మార్కులు?" అని అడిగింది. ఊరికే, తెలుసుకుందామని అడిగింది.

మాస్టారు అయ్య మొహంలోకి చూశారు. అయ్య తల వంచుకున్నాడు. "నువ్వే మొదటిదానివమ్మా" అన్నారు మాస్టారు. "నీ తర్వాతవాడికీ నీకూ చాలా దూరం."

మా అక్క ఏడుస్తుందనుకున్నాను. అది ఏడవలేదు, సంతోషించింది. నిజంగా సంతోషించింది, మొహం వెలిగిపోయింది. "నానేనా?" అని మళ్లీ అడిగి మళ్లీ చెప్పించుకుంది. ఆ సాయంత్రం నూతి దగ్గర కనిపించిన ప్రతి ఆడమనిషికీ చెప్పింది. దానికి కోపం వచ్చి ఉంటే, అయ్యని నాలుగు మాటలని ఉంటే, మేమంతా ఎంత తేలికపడేవాళ్లమో. మాకు ఆ అవకాశం ఇవ్వలేదు.

జూన్‌లో నన్ను బస్సెక్కించడానికి రోడ్డు దాకా వచ్చింది. నా రేకుపెట్టె దాని నెత్తి మీదే. బస్సు ఆగాక అయ్య పెట్టె అందుకుని పైకి ఎక్కిస్తున్నాడు. అక్క నన్ను మెట్టెక్కించి కండక్టరుతో అంది, "మా సెల్లండి. రాజాం హైస్కూల్లో సదువుకోడానికి ఎల్తంది. నానూ మా బళ్లో పస్టేనండి."

"మరయితే నువ్వెక్కవేటమ్మా?" అన్నాడు కండక్టరు.

"నానెక్కడికండి" అని నవ్వి, అక్క రోడ్డు పక్కకి జరిగి నిలబడింది.