విషం ఎక్కడ పెడతావని అడిగిన మా ధర్మ బావ

నిన్న పొద్దున స్కూల్‌కి రెడీ అవుతుంటే సూరి ఫోన్ చేశాడు.

"వదినా, అన్నియ్య ఎల్లిపోయాడు" అన్నాడు.

ఎక్కడికి అని అడిగాను. నిజంగానే అడిగాను.

ఆ తర్వాత టెక్కలి బస్టాండ్‌కి ఎలా వచ్చానో, బస్సు ఎలా ఎక్కానో నాకు గుర్తు లేదు.

ధర్మ బావ మా మేనత్త పెద్దకొడుకు. సూరి అతని తమ్ముడు. ఉద్దానంలో మా రెండిళ్లకీ మధ్య ఒక జీడితోటే అడ్డం. బావకి ముప్పయ్యయిదు కూడా నిండలేదు.

ఇది చదివే మీలో చాలామందికి ఆయన కాశీబుగ్గలో నెట్ సెంటర్ నడిపిన మనిషి. నాకూ సూరికీ మాత్రం గేమ్ మాస్టర్.

తొంభైల చివర్లో వైజాగ్ హాస్టల్ నుంచి సెలవులకి వస్తూ ఒక గేమ్ తెచ్చాడు. బోర్డు లేదు, కంప్యూటర్ అక్కర్లేదు. కొన్ని జెరాక్స్ కాగితాలు, మిగతాదంతా మాటలే. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు అందులో మనుషులైపోతారు.

యోధుడు, మాంత్రికుడు, వైద్యుడు, దొంగ అని క్లాసులు. ఒక్కో క్లాసుకి కొన్ని విద్యలు, కొన్ని మంత్రాలు. ఫలితం తేల్చడానికి పాచికలు ఉండాలట. మాకెక్కడివి. స్టీలు గ్లాసులో చీటీలు వేసి తీసేవాళ్లం.

అసలు మజా ఏంటంటే రెండు క్లాసులు కలపొచ్చు. మంత్రాలు కూడా కలపొచ్చు.

సూరి యోధుడు ప్లస్ మాంత్రికుడు. కత్తికి నిప్పు మంత్రం అంటించి తిరిగేవాడు. ఓసారి దానికి గాలి మంత్రం తగిలించాడు. నిప్పుకి గాలి తోడైతే ఏమవుతుందో తోటల్లో పుట్టిన పిల్లాడికి తెలియదా? కథలో మా గుడారమే తగలబడింది. బావ పొట్ట పట్టుకుని నవ్వాడు.

నేను వైద్యురాలు ప్లస్ దొంగ. ఇదేం కాంబినేషన్ అని ఇద్దరూ వెక్కిరించేవాళ్లు.

ఒక మధ్యాహ్నం కథలో చిత్తడి నేల దాటుతుంటే సూరి యోధుడిని పాము కరిచింది. నా వైద్యం మంత్రాలు అప్పటికే అయిపోయాయి. మిగిలింది దొంగతనం ఒక్కటే. వెంటనే ఐడియా వచ్చింది. "నాకు రోగం ఎక్కడుందో తెలుసు, తీసే చెయ్యి కూడా ఉంది. సూరి ఒంట్లోంచి విషాన్ని దొంగిలిస్తాను" అన్నాను.

చాలా తెలివిగా ఆడాననుకున్నాను.

బావ నవ్వలేదు. కాసేపు కాగితాలు చూసి, "సరే, తీసినావు. దొంగిలించిన సరుకు ఎక్కడో దగ్గర పెట్టాల కదేటి? ఎక్కడ పెడతావే?" అన్నాడు.

అది ఆటేనని తెలుసు. అయినా సూరి మొహం చూడలేకపోయాను.

"నాలోనే పెట్టుకుంటాను" అన్నాను.

గ్లాసు ముందుకి తోశాడు. చీటీ తీసి ఇచ్చాను. బావ దాన్ని విప్పి చూసి, ముక్కలు చేసి జేబులో వేసుకున్నాడు. "బతికినావు లే. ఆడండి" అన్నాడు.

అందులో చావు రాసుందని సూరి ఇప్పటికీ అంటాడు. నేనూ అదే నమ్ముతాను. రూల్ విషయంలో అంత కచ్చితమైన మనిషి, తప్పింది ఆ ఒక్కసారే.

ఇప్పుడు చెప్పడానికి కష్టమైన సంగతి.

మా ఊళ్లలో మనిషి ఎదురుపడితే మొహం కంటే ముందు కాళ్లు చూస్తాం. పాదం ఉబ్బిందా, చెప్పు పట్టీ పాదంలో దిగబడిందా అని. ఉద్దానంలో ఇంటింటా ఉన్న కిడ్నీ జబ్బు సంగతి ముందు కాళ్లే చెప్తాయి. ఎందుకొస్తుందో ఎవరూ తేల్చి చెప్పలేదు. నీళ్లంటారు, మందులంటారు.

రెండేళ్ల క్రితం నుంచి బావ బూట్లు వేయడం మొదలుపెట్టాడు. ఇసకలో బూట్లు, ఇంట్లో సాక్సులు. "ఏటి బావా, దొరవైపోనావు" అని అందరం ఏడిపించాం. ఆయనా నవ్వేవాడు.

మాకెవరికీ అనుమానం రాలేదు. మేం చూసేది పాదాలనే అని ఆయనకి తెలుసు కదా.

బూట్లు పట్టడం మానేసిన రోజున గానీ బయటపడలేదు. అప్పటికే వైజాగ్‌లో డయాలసిస్ తప్ప దారి లేకుండా పోయింది.

నిన్న సాయంత్రం శ్మశానం నుంచి వచ్చి సూరి గుమ్మం దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు. వాకిట్లో ఉన్నవాళ్లందరి చూపూ అటే వెళ్లింది. నాది కూడా. వాడు గమనించాడు. తడి పంచెని మడమల దాకా లాక్కున్నాడు.

పక్కకి పిలిచి, టెక్కలి వచ్చి క్రియాటినిన్ నెంబరు ఎంతుందో బ్లడ్ టెస్ట్ చేయించుకోరా అన్నాను.

"ఒద్దొదినా. ఆ నెంబరు తెలిత్తే ఆ రోజు నుంచే మనిసి సగమైపోతాడు. అన్నియ్యని సూడలేదా" అన్నాడు.

బతిమాలాను. చివరికి, "నువ్వు సేయించుకున్నావేటి?" అని అడిగాడు.

నేనూ ఆ బావి నీళ్లే తాగి పెరిగాను. నేనూ చేయించుకోలేదు. ప్రతి ఏడూ వచ్చే సెలవుల్లో చేయించుకుందాం అనుకుంటాను, వాయిదా వేస్తాను.

"నువ్వు ముందు రగతం ఇత్తే నానూ ఇత్తాను" అన్నాడు.

రాత్రి నిద్ర పట్టలేదు. భయమేస్తోంది. బాగా భయమేస్తోంది. నేను వెళ్లకపోతే వాడు వెళ్లడు. రేపు పొద్దున ల్యాబ్ తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చేస్తానేమోనని ఇక్కడ అందరి ముందూ రాస్తున్నాను. రేపు మీలో ఎవరైనా ఫోన్ చేసి, వెళ్లావా అని అడగండి. అబద్ధం చెప్పనివ్వకండి.

వెళ్లిరా బావా.

డయాలసిస్‌లో ఉన్న చివరి నెలల్లో నీకు మంచినీళ్లు కూడా కొలిచి పోశారు. అత్త గ్లాసు పట్టుకుని ఏడ్చేది.

ఇప్పుడు దాహం తీరా తాగి, హాయిగా పడుకో.