కాగితం పైన 786

ఆరు వారాల కిందట విదేశానికి పంపిన కాగితం ఒక ఉత్తరంతో పాటు ఈ మధ్యాహ్నం తపాలాలో తిరిగొచ్చింది. మా కాలేజీలో గణితం చెప్పే గౌస్ సాహెబు ఫోర్ట్రాన్ అనే కంప్యూటరు భాషలో రాసుకున్న లెక్క అది. కమలాపురం బావులు ఎన్నేళ్ళకు ఎండిపోతాయో తేల్చాలని ఆయన ఆరాటం. కళ్ళకు పొర కమ్మి చేత్తో వేయలేకపోతుంటే, అక్కడ కంప్యూటరు దగ్గర పనిచేసే మా పాత విద్యార్థికి నేనే పంపాను.

మనం రాసిన సూత్రాలను యంత్రభాషలోకి మార్చే కంపైలరు మొదటి వరుసలోనే ఆగిపోయిందట. గౌస్ సాహెబు ఏ కాగితం మొదలుపెట్టినా బిస్మిల్లాకు గుర్తుగా పైన 786 వేస్తారు. యంత్రం చదివే కార్డులకు రంధ్రాలు కొట్టే అమ్మాయి దాన్నీ కార్డు మీదికి ఎక్కించింది. అది వరుస సంఖ్య అనుకున్న కంపైలరు, పక్కన ఆజ్ఞ ఏదీ లేదని లెక్క మొత్తాన్నీ తోసిపుచ్చింది. ఈ లెక్కకు మళ్ళీ యంత్రం మీద సమయం ఇవ్వరట.

ఆ ఉత్తరం గౌస్ సాహెబుకు చదివి వినిపించాను.

"చెయ్యి దానంతకదే రాసిండాదప్పా. నువ్వు రెండు తూర్లు చూస్తివి గదా, నీకూ కనపల్లేదా?" అన్నారు.

"కనపడింది సార్. ఎప్పుడూ ఉండేదే గదా అనుకుంటి."

నా కాగితాల మీద శ్రీ లేకపోతేనే నాకు వింత.

ఆయన కొత్త కాగితం తీసి, పైన 786 వేసి, ముఖం దానికి ఆనించి లెక్క మొదలుపెట్టారు. సాయంత్రానికి నాలుగు వరుసలు దాటలేదు.

అందుకే స్టాఫ్ రూము బోర్డుకు ఇది గుచ్చుతున్నాను. తలా కొంత లెక్క పంచుకునేవాళ్ళు కింద పేరు రాయండి. పైన ఏం వేసుకున్నా ఫరవాలేదు, ఈడ చదివేది మనుషులే.