బావగారు ఎత్తి పోసిన సైడర్

ఈ సంగతి రాసి పెట్టాలని మొన్న కాపెల్ అనే ఊళ్ళో మేనకోడలి ఇంట్లో భోజనాల దగ్గర నిశ్చయించుకున్నాను. అక్కడికి వచ్చిన మిత్రులొకరు మా పాత బాతెల్ రోజుల మాట ఎత్తి, ఒక పబ్బులో అమెరికా వాళ్ళకి సైడర్ ఎలా పోయాలో నేర్పిన ఘనుడని నన్ను అందరికీ చూపించారు. పక్కనే కూర్చున్న బావగారు, అంటే మా అక్క భర్త, అవునవునని తల ఊపారు. రాసి పెట్టాలనుకున్నది అది చూశాకే. ఎందుకంటే అది అబద్ధం, ఆ అబద్ధం నాది.

2009 ప్రాంతంలో నేను అమెరికాలో బాతెల్ అనే ఊళ్ళో ఒక ల్యాబ్‌లో పని చేసేవాణ్ణి. పెద్ద చదువులు చదవలేదన్న లోటు ఉండేది కాబట్టి సాయంత్రాలు ఊరి లైబ్రరీలోనే గడిపేవాణ్ణి, దేని మీద మనసు పడితే దాని మీద ఉన్న పుస్తకాలన్నీ వరుసగా చదివేసేవాణ్ణి. ఆ ఏడు ఆకులు రాలే కాలంలో మనసు సైడర్ మీద పడింది. ఆపిల్ రసాన్ని పులియబెడితే సైడర్ అనీ, పియర్ పళ్ళ రసంతో చేస్తే పెర్రీ అనీ, ఆ పళ్ళు కొరకలేనంత వగరుగా ఉంటాయనీ తెలిసిన దగ్గర్నుంచి ఎవరికైనా చెప్పకుండా ఉండలేకపోయాను. ఊళ్ళోని పబ్బులో పాతకాలపు సైడర్లు, పెర్రీలు రుచి చూపిస్తున్నామని బోర్డు పెడితే, ఒక శనివారం మధ్యాహ్నం అక్కనీ బావగారినీ వెంటబెట్టుకుని వెళ్ళాను.

చెక్క పళ్ళెంలో నాలుగు చిన్న గ్లాసులు పెట్టి ఇచ్చారు. అక్క నిమ్మరసం తెప్పించుకుంది, గ్లాసులు మా ఇద్దరికీ ఉమ్మడి. బావగారు మొదటి గ్లాసు తీసుకుని, ఇంకొకరు తాగవలసినది ఎంగిలి చేయకూడదన్న అలవాటు కొద్దీ తల వెనక్కి వంచి, జానెడు ఎత్తు నుంచి గొంతులో పోసుకున్నారు. పక్క బల్లల వాళ్ళు తిరిగి చూశారు. నాకు ఒళ్ళంతా ముడుచుకుపోయింది.

“బావగారూ, ప్లీజ్, ఇక్కడ అలా తాగరు. లిప్స్ ఆనించి సిప్ చేయండి” అన్నాను.

“మరి నీకు ఎంగిలి కాదుటోయ్? నీ లైబ్రరీ పుస్తకంలో ఎంగిలికి చాప్టర్ లేదా?” అని నవ్వారు గాని, గ్లాసు కింద పెట్టేశారు, మళ్ళీ ముట్టుకోలేదు.

అంతలో పబ్బు యజమాని, తెల్ల గడ్డం పెద్దాయన, ఒక ఆకుపచ్చ సీసా పట్టుకుని గబగబా వచ్చాడు. స్పెయిన్ ఉత్తరాన సైడర్‌ని ఇలాగే ఎత్తు నుంచి ధారగా పోస్తారనీ, పడే ఊపుకి దాని వాసన మేలుకుంటుందనీ చెప్పి, తాను పోస్తే ఎప్పుడూ సగం నేలపాలేనని బావగారిని పోసి చూపమన్నాడు. రోజూ కాఫీ తిరగబోసే చేయి అది. బావగారు లేచి, సీసాని తలకంటే ఎత్తుకి ఎత్తి, నడుం దగ్గర పట్టుకున్న గ్లాసులోకి సన్నని ధార కట్టారు. ఒక్క చుక్క బయట పడలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. ముందు రోజు నేను చదివిన పుస్తకంలో సరిగ్గా ఇదే బొమ్మ ఉంది, అయినా నా బల్ల దగ్గర జరుగుతుంటే పబ్బు పెద్దాయన చెప్పేదాకా పోల్చుకోలేకపోయాను.

ఇది మీకెలా తెలుసని ఎవరో అడిగారు. బావగారు నోరు తెరిచేలోగా నేనే అందుకుని, పుస్తకంలో చదివి ఆయనకి చెప్పానన్నాను. ఆయన నా వైపు ఒకసారి చూసి, అవునని తల ఊపారు.

తిరుగు దారిలో డ్రైవ్ చేస్తున్న అక్క, “ఎప్పుడు చెప్పావురా ఆయనకి?” అంది.

“పోనీలేవే, మీ తమ్ముడు కష్టపడి చదువుతున్నాడు” అన్నారు బావగారు. అప్పటినుంచి ఎవరు అడిగినా, నేను చదివి చెప్పానన్నదే ఆయన మాట.

ఆనాటి వివరాలు గుర్తు చేసిన అక్కకి, అడిగిన పుస్తకమల్లా వేరే ఊళ్ళ నుంచైనా తెప్పించి ఇచ్చిన లైబ్రేరియన్ అమ్మగారికి, నమ్మి సీసా చేతికిచ్చిన పబ్బు పెద్దాయనకి, ఇన్నేళ్ళూ నా పరువు కాచిన బావగారికి నా కృతజ్ఞతలు. ఆ పబ్బు ఉన్నచోట ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేచాయి. బావగారి చేతులు వణుకుతున్నాయి, కప్పుని రెండు చేతులా పట్టుకుని పెదవులకు ఆనించుకుని తాగుతున్నారు. ఈయన అంత ఎత్తు నుంచి ధార కట్టారంటే చూడనివాళ్ళు నమ్మరేమో. చూసినవాణ్ణి నేను చెబుతున్నాను.